పెరటి నీడ – పూర్వుల నిర్ణయము



మొన్నటి ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక గృహస్థు మా చెంతకు వచ్చి యొక సందేహము నడిగిరి. వారు పట్టణమున 200 గజముల స్థలములో ఇల్లు కట్టుకొనిరి. వెనుక కొంత పెరడు మిగిలినది. "అక్కడ నీడకు ఒక చెట్టు వేయవలెనని యున్నది గురువుగారూ. ఇంట ఇద్దరమును ఉద్యోగులము. రోజూ నీళ్లు పోయుటకు, ఏటేట కొమ్మలు కొట్టించుటకు మాకు వీలుపడదు. మా అమ్మగారేమో రావి నాటవలెనని పట్టుబట్టుచున్నారు. ఏమి చేయమందురు?" అని వారి ప్రశ్న. ప్రక్కనున్న వారు కొందరు చిరునవ్వు నవ్విరి. వేదము చెప్పువానిని పెరటిచెట్టును గూర్చి యడుగుటయా యని కాబోలు. మాకు మాత్రము ఆ ప్రశ్న పెద్దదిగనే తోచినది. తల్లి మాట కాదనలేక, ఇంటి గోడను పోగొట్టుకొనలేక నలుగుచున్న మనిషి ప్రశ్న అది.

ఈ దేశమున నీడచెట్టు చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద క్రీ.పూ. 3వ శతాబ్దినాటి అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. వానిలో రెండవ శాసనమున, మనుష్యులకును పశువులకును ఉపయోగపడుటకై బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు ఆ చక్రవర్తి చెప్పుకొనెను. ఇప్పుడు ఢిల్లీలోనున్న తోప్రా స్తంభముమీది ఏడవ శాసనమున చెట్టు పేరును కూడ చెప్పెను. నీడకొరకు మర్రిచెట్లు, వానితోపాటు మామిడితోపులు. కౌటిల్యుని అర్థశాస్త్రము నగరోద్యానములందలి వృక్షములను గూర్చి చెప్పుచు పూలచెట్టు, పండ్లచెట్టు, నీడచెట్టు అని మూడింటిని పేర్కొన్నది. వాని చిగురు త్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మ నరికినవానికి 12, పెద్దకొమ్మకు 24 పణములు దండన. మొదలు నరికినచో శిక్ష ఇంకను పెరుగును. పువ్వు పూయక, పండు ఈయక నీడ మాత్రమే ఇచ్చు చెట్టునకును అదే రక్షణ యని గమనింపుడు.

అయితే అశోకుని మర్రి బాటకు చెప్పబడినది, ఇంటికి కాదు. ఇంటికి ఏది తగునో తెలిసికొనుటకు వరాహమిహిరాచార్యుల బృహత్సంహితను చూడవలెను. ఇది క్రీ.శ. 6వ శతాబ్ది గ్రంథము. అందు వాస్తువిద్య యొక అధ్యాయము, వృక్షాయుర్వేదము వేరొక అధ్యాయము. రెండింటను ఈ విషయము వచ్చును. ముండ్లచెట్లు, పాలుగారు చెట్లు ఇంటికి చేరువగా ఉండరాదని వాస్తువిద్య చెప్పును. మర్రి, రావి, మేడి, జువ్వి పాలచెట్లే. వానికి దిక్కుల నియమము కూడ కలదు. రావి తూర్పున నిషిద్ధము, పడమట ప్రశస్తము. మర్రి అందుకు విపర్యయము. నరుకుటకు మనసొప్పనిచో ఏమి చేయవలెనో కూడ ఆచార్యులే చెప్పిరి. ఆ చెట్టునకును ఇంటికిని నడుమ పున్నాగ, అశోకము, అరిష్టము, బకుళము, పనస, శమి, సాలము అను మంగళవృక్షములను నాటవలెనట. మనుష్యుని సంకోచ మెరిగి వ్రాసిన శాస్త్రమిది.

పాలచెట్టును ఇంటికి దూరముగ ఉంచుటకు శాస్త్రము ధననాశమును కారణముగ చెప్పినది. ఆ ధననాశమెట్టిదో మాకు స్వానుభవమున తెలిసినది. మా యింటి నూతిగోడ సందున పక్షి వేసిన విత్తనమొకటి పడి రావిమొక్క మొలచినది. అశ్వత్థమును పెరుకుటకు చేతులు రాక మూడేండ్లు ఊరకుంటిమి. మూడవ యేట గోడ రెండు వ్రేళ్ల మందమున చీలినది. అప్పుడు శ్రావణమాసమున ఆ మొక్కకు నమస్కరించి, వేళ్లు వీలైనంతవరకు చెడకుండ తీయించి, ఊరిబయట శివాలయ ప్రాంగణమున నాటించితిమి. గోడలో మిగిలిన వేరు మరల రెండుమార్లు చిగిర్చినది! రావి దోషము అందేమియు లేదు. దానికి కావలసినంత చోటు మా పెరటిలో లేదు, అంతే. ఆలయమునందు, చెరువుగట్టునందు, రచ్చబండయొద్ద పెద్దలు దానికి చోటు చూపినది అందుకే. ఆ తల్లిగారి ముచ్చట కూడ ఆలయమున నాటుటవలన తీరును.

ఇక పెరటికి ఏది? వృక్షాయుర్వేదాధ్యాయమున, తోటలందుగాని ఇండ్లయందుగాని మొదట నాటవలసిన చెట్ల వరుస నొకదానిని ఆచార్యులు చెప్పిరి. ఆ వరుసలో మొదటి పేరు అరిష్టము. ఈ మాట వినగనే మనవారు ఉలికిపడుదురు. తెలుగున అరిష్టమనగా కీడు గదా! సంస్కృతమున రిష్టమనగా హింస, అది లేనిది అరిష్టము. కుంకుడుచెట్టునకును ఈ పేరున్నను, ఇక్కడ వేపయనియే గ్రహింపవలెను. అమరము వల్లించిన పిల్లవానికి కూడ వేప పేర్లలో అరిష్టమొకటి యని తెలియును.

వేప గుణము మన ఋతువులకు అతికినట్లుండును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి, ఉగాదినాటికి చిగిర్చి పూత పూసి, ఎండ ముదురువేళకు నిండు నీడ నిచ్చును. వేళ్లు లోతునకు పోవును గనుక తొలి రెండు మూడు వేసవులు దాటినచో మన నీటికై ఎదురుచూడదు. ఆ తొలి యేండ్లు మాత్రము శ్రమ తప్పదు. నాటిన మొక్కకు ఎండకాలమున ఉదయ సాయంకాలములు, చలికాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినప్పుడు నీరు పోయవలెనని ఆచార్యవచనము. ఆకు రాలుచున్నదని చిరాకుపడి ఎదిగిన వేపను కొట్టించువారిని చూచితిమి. ఏడాదికి ఒక నెల చీపురుపని అది, మిగిలిన కాలమంతయు నీడ.

చెట్టునకు చెట్టునకు 20 హస్తముల ఎడము ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమము అనికూడ అక్కడనే కలదు. హస్తమనగా అడుగున్నర. 20 హస్తములు 30 అడుగులు. 200 గజముల స్థలము సాధారణముగ 30 అడుగుల వెడల్పే గదా! కావున అట్టి యింటికి పెద్దచెట్టు ఒక్కటియే. పడమటి వైపున వేసినచో సాయంకాలపుటెండ గోడకు తగులదు.

నేల చిత్తడిదై నీరు నిలుచునేని వేప బ్రతుకదు. అక్కడ కానుగ మేలు. అది కూడ చైత్రమున చిగిర్చి చల్లని నీడ నిచ్చును, గింజల నూనె దీపమునకు పనికివచ్చును. పెరడు మరీ చిన్నదైనచో బకుళము, అనగా పొగడ. నెమ్మదిగ పెరుగును, ఏడాది పొడవున ఆకుండును. పూలు దేవునికి చెల్లును. అశోకమని నేడు నర్సరీలలో అమ్ము నిట్టనిలువు చెట్టు అసలు అశోకము కాదు, నరమామిడి. అది ప్రహరీ వెంబడి వరుసకు బాగుండును గాని మంచము వేసికొను నీడ ఈయదు. పైన చెప్పిన మంగళవృక్షములలో అరిష్టము ఆంధ్రప్రదేశమునకు, శమి తెలంగాణమునకు నేడు రాష్ట్రవృక్షములైనవి.

2021లో తెలంగాణమున వేపచెట్లు చిగుళ్లు మాడి, కొమ్మలు ఎండినప్పుడు పలువురు భయపడి గొడ్డళ్లు తీసిరి. అది శిలీంధ్రమువలన వచ్చు కొమ్మయెండు తెగులని వ్యవసాయ శాస్త్రజ్ఞులు తేల్చిరి. వానలు పడిన పిమ్మట పెక్కుచెట్లు మరల చిగిర్చినవి. ఎండిన కొమ్మలను మాత్రము కోయించి ఒక వర్షఋతువు ఓపికపట్టవలెను.

ఆ గృహస్థు వేపమొక్క ఎక్కడ కొనవలెనని అడిగిరి. కొననక్కరలేదు. జ్యేష్ఠాషాఢములలో ఏ వేప క్రిందనైన పండ్లు రాలియుండును. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, ఆలసింపక నాటవలెను. ఆ గింజకు మొలకశక్తి కొన్ని వారములలోనే సన్నగిల్లును.