దెబ్బ కూడా జబ్బే: సారా ఉద్యమం నుంచి ఆసుపత్రి చీటీ దాకా

ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటాం. ఈసారి సామాజిక కమిటీ వాళ్ళం ఒక చరిత్ర కూడా రాస్తామని అడిగి ఈ రెండు పేజీలు తీసుకున్నాం. అక్కలూ, చెల్లెళ్ళూ, ఇది ఇంట్లో తినే దెబ్బల చరిత్ర. మన గ్రూపుల చరిత్రకీ దీనికీ బంధుత్వం ఉంది.

నెల్లూరు జిల్లా నుంచే మొదలుపెట్టాలి. 1991లో అక్కడ అక్షర దీపం అని రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు. అప్పట్లో సర్కారు సారా ప్యాకెట్లలో ఊరూరా దొరికేది. మంచినీళ్ళు రాని ఊరికి కూడా సారా జీపు వచ్చేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. మగవాళ్ళ కూలి అక్కడికే పోయేది, తర్వాత ఇంట్లో గొడవ, దెబ్బలు. చదువు పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ వస్తే ఆడవాళ్ళకి అది కథలాగా అనిపించలేదు, మన ఇంటి సంగతే అనుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రానివ్వలేదు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, దూబగుంట రోశమ్మ అంటేనే జనం గుర్తుపట్టేవాళ్ళు. ఒక ఊరిని చూసి ఇంకో ఊరు లేచింది. సారా వేలంపాటల దగ్గరికి ఆడవాళ్ళు వందల్లో పోతే పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిలిపేశారు. 1995 జనవరిలో మద్యపాన నిషేధమే వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, ఆ తర్వాత సంగతి మనకి తెలిసిందే.

మాలో చాలామందిమి అప్పటికి చంటిపిల్లలం, కొందరం పుట్టనే లేదు. అయినా ఆ ఉద్యమం మనది అనుకోడానికి ఒక కారణం ఉంది. సారా మీద పోయే డబ్బు మిగిలింది కదా, రోజుకి ఒక రూపాయి దాచుకుందాం అని నెల్లూరు ఆడవాళ్ళు పొదుపు లక్ష్మి గ్రూపులు పెట్టుకున్నారు. ఇవాళ మనం సంతకం పెట్టే పొదుపు పుస్తకానికి ఒక వేరు అక్కడుంది.

అందరూ దాన్ని సారా ఉద్యమం అనే అంటారు. మా లెక్కలో అది సగం దెబ్బల ఉద్యమమే. ఒళ్ళు నొప్పులు ఓర్చుకోలేకే వాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. కానీ నిషేధం పోరాటం గుర్తుండిపోయింది, దెబ్బల మాట వెనక్కి పోయింది. తాగుడు పోతే దెబ్బలు పోతాయనుకున్నారు గానీ, చుక్క ముట్టని మగాడు కూడా కొడతాడని మనకి తెలుసు.

దెబ్బని జబ్బుతో సమానంగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సభ 1996లో తీర్మానం చేసింది. హింస ప్రజారోగ్య సమస్య అని అందులో చెప్పారు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీదే పెద్ద నివేదిక వేసింది. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఊళ్ళో పది ఇళ్ళల్లో వాంతులు విరేచనాలైతే ఒక్కొక్కరికి సెలైన్ ఎక్కించి ఊరుకోరు, నీళ్ళ ట్యాంకు చూస్తారు. దెబ్బలకి మాత్రం కట్టు కట్టి పంపేస్తారు, ఎక్కడి నుంచి వచ్చాయని అడగరు. అడగాలి అన్నదే ఆ తీర్మానం సారం. 2013లో అదే సంస్థ ఇంకో లెక్క చెప్పింది. భర్త చేతిలో హింస పడే ఆడవాళ్ళకి తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ, మనసు కుంగిపోయే జబ్బు దాదాపు రెండింతలు. అంగన్‌వాడీలో బిడ్డ బరువు తగ్గితే తల్లి తిండి గురించి అడుగుతాం కదా, ఇంట్లో పరిస్థితి కూడా అడగాలి.

మన దగ్గర 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త హింసకి గురైనవాళ్ళు దేశంలో 29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో 37 దగ్గర. అంతకన్నా మమ్మల్ని కదిలించింది ఇంకో అంకె. దేశంలో హింస పడ్డవాళ్ళలో 77 శాతం మంది ఎవరికీ చెప్పలేదు, సాయం అడగలేదు. అమ్మకి కూడా చెప్పలేదన్నమాట.

చట్టాలు లేక కాదు. 1983లో 498ఎ సెక్షన్ వచ్చింది. గృహ హింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టంలో ఆసుపత్రి మాట కూడా ఉంది, మనలో చాలామందికి తెలీదు. బాధితురాలు అడిగితే ఆసుపత్రి వైద్యం చెయ్యాలి, ఫిర్యాదు కాగితం లేదని కాదనకూడదు. ముంబైలో బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000 ప్రాంతంలోనే దిలాసా అని ఒక గది పెట్టారు. దెబ్బలతో వచ్చినామెని నర్సు అక్కడికి తీసుకుపోతే, కూర్చోబెట్టి అడిగి, ఏం చేయొచ్చో చెప్తారు. మన జిల్లాల్లో ఇప్పుడు సఖి కేంద్రాలున్నాయి, 181 నంబరుంది.

ఇక మన పుస్తకాల సంగతి. అప్పు ఎందుకు తీసుకుంటున్నారు అన్న గడిలో ‘ఆరోగ్యం’ అని రాస్తాం. కమిటీలో కూర్చుని ఆ అప్పుల వెనక కథలు మాట్లాడుకుంటే, విరిగిన చెయ్యి, పగిలిన చెవి, నిద్ర పట్టని జబ్బు కూడా వాటిలో ఉన్నాయి. వాడు కొడితే ఈమె అప్పు తీసుకుని, వడ్డీతో కడుతోంది. ఇది మాకు అన్నిటికన్నా అన్యాయంగా కనపడింది.

మన సభ్యురాలు ఒకామె చెయ్యి విరిగి ఆసుపత్రికి పోయినప్పుడు భర్త పక్కనే నిలబడ్డాడు. ఎలా తగిలింది అని అడిగితే ఆమె బాత్‌రూమ్‌లో జారిపడ్డానంది. చీటీ మీద అదే రాశారు. ఆర్నెల్ల తర్వాత గృహ హింస కేసు వేస్తే అవతలి లాయరు ఆ చీటీనే చూపించాడు. అందుకే ఈ ఏడాది నుంచి దెబ్బ తగిలిన సభ్యురాలి వెంట గ్రూపు నుంచి ఇద్దరం పోతున్నాం. భర్తని బయట ఉండమంటాం. జరిగింది జరిగినట్టు చెప్పమని ఆమెకి ధైర్యం చెప్తాం, ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో చీటీలో రాయమని డాక్టరుని అడుగుతాం, ఒక కాపీ దాచిపెడతాం. కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. అయినా అడుగుతాం.

ఆమె కేసు వాయిదా వచ్చే నెలలో ఉంది. చెయ్యి అతుక్కుంది గానీ ఇంకా బిందె ఎత్తలేకపోతోంది. ఆమె కిస్తీలు గ్రూపే మూడు నెలలు వెనక్కి జరిపింది.