విశ్వవిద్యాలయ సామాన్య విద్య - పర్యవేక్షణ: బొర్రా నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
డిగ్రీ విద్యార్థి ఏ ప్రధాన శాఖలో చదివినా తప్పనిసరిగా ఉత్తీర్ణుడు కావలసిన ఉమ్మడి పాఠ్యాంశాలను సామాన్య విద్య అంటారు. 1949 నాటి రాధాకృష్ణన్ కమిషన్ నివేదిక నుంచి ఫౌండేషన్ కోర్సుల వరకు ఈ పాఠ్యాంశాలను ఎవరు నిర్ణయించారు, వాటి అమలును ఎవరు చూడవలసి ఉంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. పర్యావరణ అధ్యయనాన్ని ఉదాహరణగా, బొర్రా ప్రాంతాన్ని నిదర్శనంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: సామాన్య విద్య, ఆంధ్ర విశ్వవిద్యాలయం, పర్యావరణ అధ్యయనం, బొర్రా, సమత తీర్పు, క్షేత్రకార్యం.

1. ఉపోద్ఘాతం:
విశ్వవిద్యాలయంలో ప్రతి ప్రధాన పాఠ్యాంశానికీ ఒక శాఖ, ఒక పాఠ్యప్రణాళికా సంఘం ఉంటాయి. చరిత్ర పాఠ్యాంశం బలహీనపడితే చరిత్ర శాఖ ప్రశ్నిస్తుంది. రసాయనశాస్త్రంలో ప్రయోగాలు తగ్గితే ఆ శాఖ అభ్యంతరం చెబుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉండే సామాన్య విద్యకు ఇటువంటి సొంత శాఖ లేదు. అందరిదీ అయిన పాఠ్యాంశం ఆచరణలో ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం దీనివల్లనే ఏర్పడుతుంది. ఈ లోపం ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి సామాన్య విద్య చరిత్రను దశలవారీగా చూడాలి.

2. కమిషన్ దశ:
1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. స్వాతంత్ర్యానంతరం ఆయన అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో నివేదిక సమర్పించింది. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో విద్యార్థి మరీ సంకుచితమైన ప్రత్యేకాధ్యయనానికి పరిమితమవుతున్నాడని గుర్తించి, సామాన్య విద్యను ఆలస్యం లేకుండా ప్రవేశపెట్టాలని అది సూచించింది. 1945లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇదే విషయంపై ప్రచురించిన నివేదిక నాటికే విద్యావేత్తలలో చర్చనీయమైంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి సమాజం, సాహిత్య విద్యార్థికి ప్రకృతి తెలియాలన్నది ఈ ఆలోచనకు మూలం. ఆశయం స్పష్టమే. అయితే దానిని నిత్యం కనిపెట్టి ఉండవలసిన వ్యవస్థ ఏదన్న ప్రశ్న మిగిలిపోయింది.

3. న్యాయస్థాన దశ:
తరువాతి ముఖ్యమైన ఆదేశం విద్యాసంస్థల నుంచి కాక న్యాయస్థానం నుంచి వచ్చింది. ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు ఇస్తూ, పర్యావరణాన్ని కళాశాల విద్యలో తప్పనిసరి పాఠ్యాంశంగా చేసే అవకాశాన్ని పరిశీలించమని యు.జి.సి.ని కోరింది. 2003 డిసెంబరులో అమలుకై మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఆదేశానికీ ఆచరణకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

యు.జి.సి. రూపొందించిన ఆరునెలల పాఠ్యాంశంలో 8 యూనిట్లు, 50 తరగతులు ఉండేవి. రెండవ యూనిట్‌లో గనుల తవ్వకం, ఆనకట్టలు అడవులపైనా గిరిజనులపైనా చూపే ప్రభావం పాఠ్యభాగంగా ఉండేది. ఎనిమిదవ యూనిట్ పూర్తిగా క్షేత్రకార్యం. స్థానిక నది, అడవి, కొండ వంటి వనరులను విద్యార్థి స్వయంగా చూసి నమోదు చేయవలసి ఉండేది. దీనికి కేటాయించినవి 5 తరగతులు, అంటే బోధనాకాలంలో పదవ వంతు. మార్కులు మాత్రం 100లో 25. సామాన్య విద్య తరగతిగదిని దాటి స్థలంతో ముడిపడే భాగం ఇదే.

4. బొర్రా నిదర్శనం:
అనంతగిరి మండలంలోని బొర్రా గ్రామం సున్నపురాతి గుహలకు ప్రసిద్ధం. గోస్తనీ నది ఇక్కడి కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖపట్నానికి తాగునీరుగా చేరుతుంది. కనుక బొర్రా కొండల స్థితి అక్కడి గిరిజన కుటుంబాలకు ఎంత ముఖ్యమో, విశాఖలో చదివే విద్యార్థికీ అంతే ముఖ్యం.

ఈ షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించింది. హైకోర్టు 1995లో వ్యాజ్యాన్ని కొట్టివేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ నిర్ణయాన్ని తిరగరాసింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలలోని ‘వ్యక్తి’ అన్న పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదని జస్టిస్ కె. రామస్వామి తీర్పులో పేర్కొన్నారు. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని నీటివనరులు, పాఠశాలలు, వైద్యశాలలు, రోడ్ల వంటి అవసరాలకు శాశ్వతనిధిగా ఉంచాలన్న సూచన కూడా ఇందులో ఉంది. ధర్మాసనంలోని ముగ్గురిలో జస్టిస్ జి.బి. పట్నాయక్ మెజారిటీతో విభేదించారు.

నేల, నీరు, చట్టం, జీవనోపాధి ఒకే ఉదంతంలో కలవడం వల్ల భూగర్భశాస్త్రం, న్యాయశాస్త్రం, మానవశాస్త్రం, అర్థశాస్త్రం ఏదీ ఒంటరిగా దీనిని వివరించలేదు. కమిషన్ కోరిన సామాన్య విద్యకు ఇంతకంటే తగిన పాఠం దొరకడం కష్టం. తీర్పు వెలువడిన ఏడేళ్లకు పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయింది. గనులు, గిరిజనులు అన్న మాటలు పాఠ్యప్రణాళికలో ఉన్నా బొర్రా పేరు అందులో లేదు. జాతీయ ప్రణాళిక స్థలాన్ని ఖాళీగా వదిలి, ఉదాహరణను ఎంచుకొనే పనిని స్థానిక సంస్థలకు విడిచింది.

5. మండలి దశ:
ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 నుంచి ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం కింద ఫౌండేషన్ కోర్సులు వచ్చాయి. 2020-21 సవరణలో జీవన నైపుణ్యాలు, నైపుణ్యాభివృద్ధి కోర్సులు, సామాజిక సేవా ప్రాజెక్టు చేరాయి. ఉన్నత విద్యామండలి ఇచ్చే ఉమ్మడి ప్రణాళికకు సహేతుకమైన కారణాలున్నాయి: ఒక కళాశాల నుంచి మరొకదానికి మారే విద్యార్థి నష్టపోడు, మారుమూల కళాశాలకూ నగర కళాశాలకూ ప్రమాణం ఒకటే అవుతుంది. కానీ ఏకరూపతను కాపాడే పర్యవేక్షణ సహజంగానే సిలబసును, ప్రశ్నపత్రాన్ని, క్రెడిట్ల లెక్కను చూస్తుంది. అరకులోయ ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థి క్షేత్రకార్యంలో ఏ కొండను చూశాడు, ఏమి రాశాడు అన్నది ఆ లెక్కలో కనిపించదు. తన ఊరి తీర్పు తెలియకుండానే గనుల ప్రభావంపై సమాధానం రాసి అతడు ఉత్తీర్ణుడు కావచ్చు.

6. ముగింపు:
సామాన్య విద్యను మొదట కమిషన్, తరువాత న్యాయస్థానం, ఆపై మండలి పైనుంచి నిర్దేశించాయి. మూడు దశలలోనూ పాఠ్యాంశాన్ని చేర్చడంపై ఉన్న శ్రద్ధ దాని అమలును కనిపెట్టే శాశ్వత వ్యవస్థపై లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ, న్యాయ, మానవ శాస్త్ర శాఖలు మూడూ ఉన్నాయి. వాటి అధ్యాపకులతోపాటు కొండప్రాంత కళాశాలల అధ్యాపకులకూ చోటిచ్చి, సామాన్య విద్యకు ప్రత్యేక పాఠ్యసంఘాన్ని ఏర్పరచడం సాధ్యమే. స్థానిక ఉదంతాన్ని ఏటా నిర్ణయించడం, క్షేత్రకార్య నివేదికలను భద్రపరచి కొన్నింటినైనా చదవడం దాని కనీస విధులు కావాలి. ఉమ్మడి ప్రణాళికను మార్చకుండానే, క్షేత్రకార్యం పరిధిలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.