నొప్పితో కూడిన కంటి కండరాల పక్షవాతం: కారణాల నిర్ధారణ చరిత్ర

కంటి వెనుక తీవ్రమైన నొప్పి, దానితో పాటుగానో కొద్ది రోజుల తర్వాతనో కనుగుడ్డు కదలికలు పడిపోవడం ఈ రుగ్మత లక్షణాలు. రెప్ప వాలిపోవచ్చు, ఒక్కటి రెండుగా కనిపించవచ్చు. కనుగుడ్డును కదిలించే మూడు, నాలుగు, ఆరో కపాల నాడులు పుర్రె అడుగున కేవర్నస్ సైనస్ అనే సిరల గూడు గుండా కంటిగుంతలోకి చేరతాయి. నొప్పిని తెలిపే ఐదో నాడి శాఖలు, కెరోటిడ్ ధమని కూడా ఆ ఇరుకులోనే ఉంటాయి. అక్కడ వాపు వచ్చినా, కణితి పెరిగినా, ధమని ఉబ్బినా, క్షయ పాకినా పైకి కనబడేది ఇంచుమించు ఒకటే. ఈ జబ్బు చరిత్రలో ఒకదాన్ని చూసి మరొకటనుకున్న సందర్భాలే ఎక్కువ.

ఫ్రెంచి వైద్యుడు షార్కో 1890లో ఇలాంటి కొన్ని కేసులకు కంటి పక్షవాతపు మైగ్రేన్ అని పేరు పెట్టాడు. 1927లో పోర్చుగల్‌కు చెందిన ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపించాక, అనుమానం ధమని ఉబ్బు మీదికి మళ్లింది. 1954లో బార్సిలోనా శస్త్రచికిత్సకుడు ఎడ్వర్డో టోలోసా తన రోగికి ఉన్నది అదేననుకుని తల తెరిచాడు. ఉబ్బు లేదు. రోగి ఆపరేషన్ తర్వాత చనిపోయాడు; శవపరీక్షలో ధమని చుట్టూ కణికల వాపు బయటపడింది. 1961లో అమెరికాలో విలియం హంట్ బృందం అలాంటి ఆరుగురిని వర్ణించి, స్టెరాయిడ్లతో ఇది తగ్గుతుందని చూపింది. 1966లో స్మిత్, టాక్స్‌డాల్ దీనికి టోలోసా-హంట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

అక్కడితో కొత్త చిక్కు మొదలైంది. స్టెరాయిడ్ ఇచ్చి, నొప్పి తగ్గితే జబ్బు ఇదేనని తేల్చే అలవాటు పడింది. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2004 ప్రమాణాల్లో 72 గంటల్లో నయం కావడం కూడా ఒక షరతు. కానీ లింఫోమా అనే క్యాన్సర్ కూడా స్టెరాయిడ్లకు కొంతకాలం తగ్గినట్టే కనిపిస్తుంది. 2013 ప్రమాణాల్లో ఆ షరతు తొలగించారు. ఎంఆర్ఐలోనో బయాప్సీలోనో వాపు కనబడాలన్న నియమం మాత్రం మిగిలింది. షరతు తీసేయడం ఆలస్యమైనా సరైన నిర్ణయమే.

దక్షిణాదిలో ఈ జబ్బుపై ముఖ్యమైన తొలి అధ్యయనాల్లో ఒకటి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీది. నైనాన్ మాథ్యూ, జాకబ్ చాందీ దాన్ని 1970లో ప్రచురించారు. తెలంగాణకు అసలు పాఠం 2021లో వచ్చింది. కోవిడ్ రెండో దశలో, ముఖ్యంగా షుగర్ అదుపు తప్పి స్టెరాయిడ్లు వాడినవారిలో, బ్లాక్ ఫంగస్ ముక్కు నుంచి కంటిగుంతలోకి, అక్కడి నుంచి కేవర్నస్ సైనస్‌లోకి పాకింది. అదే నొప్పి, అదే వాలిన రెప్ప. టోలోసా-హంట్ అనుకుని స్టెరాయిడ్ పెంచితే ఆ బూజుకు మేత వేసినట్టే. దీనికి కావలసింది ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు, కుళ్లిన కణజాలాన్ని తీసేసే ఆపరేషన్. ఆ ఏడాది మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు కేంద్రమైంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి హైదరాబాద్‌కు గంటల ప్రయాణం. పవర్‌లూమ్ మీద పోగు రెండుగా కనిపిస్తే సిరిసిల్ల నేతకార్మికుడికి ఆ పూట పని ఆగినట్టే. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనిదే. అక్కడే, ఎంఆర్ఐకి ముందే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. టార్చి వేసి కనుపాప చూడాలి: రెప్ప వాలి, పాప పెద్దదై వెలుగుకు ముడుచుకోకపోతే ధమని ఉబ్బును అనుమానించి అత్యవసరంగా పంపాలి. షుగర్ వల్ల మూడో నాడి దెబ్బతింటే పాప సాధారణంగా మామూలుగానే ఉంటుంది, నాడి నెలల్లో కోలుకుంటుంది. రక్తంలో షుగర్ ఎంతుందో, ముక్కులోనూ అంగిట్లోనూ నల్లటి పొక్కులు ఉన్నాయేమో చూడటం మొదటి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ముందే జరగాలి.