పదిమందిలో పాము చావదు

ఏటా ఏప్రిల్ 14న మన దేశంలో అగ్నిమాపక సేవా దినం పాటిస్తారు. ఆ తేదీ వెనుక ఉన్న సంఘటన మన పిల్లలలో చాలామందికి తెలియదు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటిది.

ఫోర్ట్ స్టికిన్ అనే సరుకుల ఓడ 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండు నుండి బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాకుకు చేరింది. అందులో యుద్ధానికి పంపిన సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉంది. బంగారపు కడ్డీలు కూడా ఉన్నాయి. కరాచీలో వేలాది పత్తి బేళ్లు, నూనె పీపాలు ఎక్కించారు. పత్తి పక్కన మందుగుండు ఉంచరాదని అందరికీ తెలుసు. అయినా యుద్ధకాలం, ఓడల కొరత, తొందర. ప్రమాదకరమైన సరుకు ఉన్నదని తెలిపే ఎర్రజెండా సైతం ఎగురవేయలేదు. రెండు రోజులైనా మందుగుండు ఓడలోనే ఉంది.

14వ తేదీ మధ్యాహ్నం రెండవ నంబరు సరుకు గదిలో పత్తి అంటుకుంది. పొగను ముందుగా చూసినవారు పక్క ఓడలపై ఉన్నారు. ఆ ఓడవారికి తెలిసే ఉంటుందని ఊరుకున్నారు. తరువాత ఫైరింజన్లు వచ్చాయి. కెప్టెన్, డాకు అధికారులు, సైన్యపు మందుగుండు అధికారి, అగ్నిమాపక అధికారులు అందరూ అక్కడే ఉన్నారు. ఓడను ముంచేయాలని ఒకరు, సముద్రంలోకి లాగించాలని మరొకరు అన్నారు. "నాది పూచీ, ఇలా చేయండి" అని ఆజ్ఞ ఇచ్చినవారు లేరు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అరగంటకు మరో పేలుడు. ఆ అదురు సిమ్లాలోని భూకంప మాపకంపై నమోదైంది. మృతుల సంఖ్య ఎనిమిది వందల నుండి పదమూడు వందల వరకు చెబుతారు. చివరివరకు గొట్టాలు వదలని అగ్నిమాపక సిబ్బంది 66 మంది వారిలో ఉన్నారు.

సైన్యానికి నియమాలు లేక ఈ ఘోరం జరగలేదు. ప్రతివారూ పక్కవారు చూసుకుంటారనుకున్నారు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇది కొత్త కాదు. ఫైలుపై పది సంతకాలుంటాయి, నిర్ణయం ఒక్కటీ ఉండదు. అయితే ఆఫీసులో ఆలస్యమైతే కాగితం ఆగుతుంది, ఆయుధాల దగ్గర ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి.

మన సభ్యుల కుమారులు, మనుమలు కొందరు సైన్యంలో, రేవుల్లో, కర్మాగారాల్లో ఉన్నారు. పొగ కనిపించినవాడు హోదా చూసుకోకుండా వెంటనే చెప్పాలని, చెప్పినది విన్నవాడు వెంటనే నిర్ణయించాలని వారికి మనం చెప్పాలి. ఆ 66 మందికి మనమిచ్చే నివాళి అదే.