నల్లరాయి, రైలుకట్ట, మన గరివిడి

 

స్వర్ణోత్సవ సంచికకు మన ఊరి చరిత్ర రాయమన్నారు. మన ఊళ్లో కోట లేదు, రాజులు ఏలలేదు. ఉన్నవల్లా నల్లరాయి, రైలుకట్ట, కొలిమి. ఈ మూడూ కలిసి మన అందరి ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. అందుకే వాటి కథే రాస్తున్నాను.

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన ప్రాంతంలోనే, 1892లో. అప్పటికి మధ్య పరగణాల గనులు ఇంకా తెరుచుకోలేదు. గర్భాం, కోడూరు గనుల పేర్లు ఆనాటి భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. ఫెర్మర్ అనే శాస్త్రవేత్త దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద 1909లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇక్కడి గనుల్లో కనబడిన ఒక శిలకు కోడూరు పేరు మీద ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. మన పక్క ఊరి పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో ఉందని నాకు ఇంజనీరింగ్ చదివేటప్పుడు గానీ తెలియలేదు.

రాయి బరువైన సరుకు. రైలు లేకపోతే దానికి విలువ లేదు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893-96 మధ్య తెరుచుకుంది. విజయనగరం, చీపురుపల్లి మీదుగా సాగే ఆ దారి ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. తరువాత 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం ఆ రేవు కట్టడానికి ముఖ్య కారణాల్లో ఒకటి. అంటే విశాఖ మహానగరం వెనుక కూడా ఈ నల్లరాయి ఉంది.

అరవై ఏళ్లకు పైగా మన రాయి ఎక్కువగా ఓడలెక్కి పరాయి దేశాల ఉక్కు కొలిముల్లోకి పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక, రాయిని అమ్మడం కాదు, ఇక్కడే కరిగించాలన్న ఆలోచన బలపడింది. 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, మనం నోరారా పిలుచుకునే ‘ఫేకర్’, గరివిడిలో కర్మాగారం పెట్టింది. ఫెర్రో మాంగనీసు చేయడానికి ఖనిజం, కోక్‌తో పాటు విపరీతంగా కరెంటు కావాలి. ఒక టన్నుకు సుమారు రెండున్నర వేల నుంచి మూడు వేల యూనిట్లు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కూడా 1955లోనే మొదలైంది. గని, రైలు, కరెంటు ఒకచోట కలిస్తే పల్లె పట్టణమవుతుంది. గరివిడి అలాగే అయింది. క్వార్టర్లు వచ్చాయి, సంత పెరిగింది, బళ్లు నిండాయి.

ఇక పుస్తకాల్లో లేని సంగతి ఒకటి. మా మామ్మ గర్భాంలో రాయి ఏరేది. మగవాళ్లు తవ్విన రాయిని ఆడవాళ్లు సుత్తితో పగలగొట్టి, మంచిది ఒక పక్క, పనికిరానిది ఒక పక్క వేసేవారు. ఏ యంత్రమూ లేదు. చేతికి బరువు తగిలితే మంచి రాయి. చిన్నప్పుడు ఆమె గోళ్ల సందుల్లో నలుపు చూసి, “కడుక్కోవేటే మామ్మా” అన్నాను. “ఇది కడిగితే పోద్దేట్రా గుంటడా, కూడు పెట్టిన నలుపు” అంది.

రైల్వేలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, శిక్షణలో ఒక క్రాసింగ్ చూపించారు. పట్టా పట్టాను దాటేచోట ప్రతి చక్రమూ దెబ్బ కొడుతుంది. మామూలు ఉక్కు త్వరగా అరిగిపోతుంది. అందుకని అక్కడ మాంగనీసు ఉక్కు పోతపోసి పెడతారు. 1882లో హాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీసు పన్నెండు శాతం దాకా ఉంటుంది. దెబ్బ తినేకొద్దీ దాని పైభాగం గట్టిపడుతుంది. ఆ మాట వినగానే నాకు మామ్మ చేతులు గుర్తొచ్చాయి. రాయిని మోసింది రైలు. ఆ రైలును మోస్తున్నదీ ఆ రాయే.

ఒక్క సరుకు మీద నిలబడ్డ ఊరికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. ఉక్కు ధర పడినా, కరెంటు ధర పెరిగినా ముందు చల్లబడేది కొలిమే. తరువాత కిరాణా కొట్టు, ఆపైన బడి హాజరుపట్టీ. మనలో చాలామంది ఉద్యోగాల కోసం విశాఖకో, హైదరాబాదుకో, ఇంకా దూరమో వెళ్లడానికి అది కూడా ఒక కారణం. ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ ఊరు ఖాళీ అయ్యేకొద్దీ ఊరి జ్ఞాపకం కూడా ఖాళీ అవుతుంది.

గనుల యజమానుల పేర్లు కాగితాల మీద ఉన్నాయి. రాయి ఏరిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? గనిలో పనిచేసినవాళ్లు, వ్యాగన్లు నింపినవాళ్లు, ఫర్నేసు ముందు నిలబడినవాళ్లు ఇంకా కొందరు మన ఇళ్లలోనే ఉన్నారు. ఈ సంవత్సరం ప్రతి పూర్వ విద్యార్థీ తన ఇంట్లోని ఒక పెద్దను కూర్చోబెట్టి నాలుగు మాటలు రాసుకుని, పాత ఫొటో ఒకటి జతచేసి, మన బడి గ్రంథాలయానికి ఇవ్వాలని నా మనవి. మొదటి కాగితంగా మా మామ్మ కథ నేను ఇస్తున్నాను.