ఉత్పలమాల సంఖ్య

తెలుగు ఛందోగ్రంథాలలో వృత్తాలకు గణాలు, యతిస్థానం, ప్రాసనియమం చెప్పిన పిమ్మట మరొక వివరం కూడా కానవస్తుంది. ఉత్పలమాల ఇరువది అక్షరాల 'కృతి' ఛందస్సులో 3,55,799వ వృత్తం. చంపకమాల ఇరువది యొక్క అక్షరాల 'ప్రకృతి'లో 7,11,600వది. శార్దూలవిక్రీడితం పందొమ్మిది అక్షరాల 'అతిధృతి'లో 1,49,337వది. మత్తేభవిక్రీడితం 'కృతి'లో 2,98,676వది. గణవిభజన చక్కగా చేయగలవారు సైతం ఈ అంకెలను చదువక దాటిపోవడం పరిపాటి. మూడున్నర లక్షల వృత్తాలను వరుసగా వ్రాసి ఉత్పలమాల ఎన్నవదో లెక్కపెట్టిన వారెవరు? ఎవరూ లేరు. వ్రాయకుండానే స్థానం తెలుసుకొనే ఉపాయం శాస్త్రంలోనే ఉన్నది.

ఆ ఉపాయానికి మూలం పింగళుని ఛందశ్శాస్త్రం. క్రీస్తుకు పూర్వపు శతాబ్దులకు చెందినదని సాధారణంగా భావింపబడే ఆ సూత్రగ్రంథపు ఎనిమిదవ అధ్యాయం చివర ఈ లెక్కలు ఉన్నాయి. పదవ శతాబ్దంలో హలాయుధుడు వాటికి వ్యాఖ్య రచించాడు. ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, లగక్రియ, సంఖ్య, అధ్వయోగం అనే ఈ ఆరింటికి షట్ప్రత్యయాలని పేరు. కేదారభట్టు వృత్తరత్నాకరంలో చివరి అధ్యాయం వీటిదే. గురులఘువుల సర్వభేదాలను వరుసగా పేర్చడం ప్రస్తారం. సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగిసే ఆ వరుసలో మూడక్షరాల గణాలు మ, య, ర, స, త, జ, భ, న అనే క్రమంలో వస్తాయి.

రూపం తెలిసి సంఖ్య తెలియనప్పుడు ఉద్దిష్టం. అక్షరాలపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ వేసి, లఘువులపై ఉన్న అంకెలను మాత్రం కూడి, మొత్తానికి ఒకటి కలపాలి. జగణంలో లఘువులపై 1, 4 ఉన్నాయి. కూడితే 5, ఒకటి కలిపితే 6. పై వరుసలో జగణం ఆరవదే. సంఖ్య తెలిసి రూపం నష్టమైనప్పుడు ప్రక్రియ తలక్రిందులవుతుంది. సంఖ్య సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. శార్దూలం సంఖ్య 1,49,337 బేసి, కనుక గురువు. తరువాత 74,669, మళ్ళీ గురువు. 37,335, గురువు. 18,668 సరి, లఘువు. 9,334, లఘువు. 4,667, గురువు. మగణం, సగణం వచ్చినవి. ఇట్లే సాగిస్తే శార్దూలపాదం పూర్తిగా లేచి నిలుస్తుంది.

భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైనది. ఆ కొలువులను నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబాలలో నేడు మనుమల తరం నడుస్తున్నది. హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడ పరిసరాలలో పెరిగి, తెలుగును ఇంట వినడమే గాని బడిలో చదువని యువకునికి ఉత్పలమాల అపరిచితం. పైథాన్ భాష మాత్రం సుపరిచితం. పద్యం తెలిసిన అతని తాతగారి సంగతి ఇందుకు విపర్యయం. ఇరువురి చేతిలో ఉన్నదీ ఒకే లెక్క అన్న సంగతి ఇరువురికీ తెలియకపోవడం నిజంగా నష్టమే.

శాస్త్రం ఒకటి నుండి లెక్కిస్తుంది, యంత్రం సున్న నుండి. కనుక వృత్తసంఖ్యలో ఒకటి తీసివేసి, గురువును 0గా, లఘువును 1గా, మొదటి అక్షరాన్ని ఒకట్ల స్థానంగా భావించాలి. అప్పుడు ఉత్పలమాల 3,55,798 అనే పూర్ణాంకం. దానికి పైథాన్‌లో '& 1' అనే గుర్తు చేర్చితే మొదటి అక్షరం గురువో లఘువో తెలుస్తుంది. '>> 1' అంటే సంఖ్యను సగం చేసి తరువాతి అక్షరానికి జరగడం. ఈ రెండూ కలిస్తే నష్టప్రత్యయమే.

ఇంతకంటె రమ్యమైనది మరొకటి ఉన్నది. ఉత్పలమాల తొలి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుందని పెద్దలు చెప్పుతారు. అంకెలలో దీని అర్థం: ఉత్పలమాలను ఒక స్థానం పైకి జరిపి ('<< 1'), అడుగున రెండు ఒకట్లు చేర్చడం ('| 3'). 3,55,798ని రెట్టించి మూడు కలిపితే 7,11,599. శాస్త్రపు ఒకటి కలిపితే 7,11,600. శార్దూలానికి మత్తేభానికి ఉన్న చుట్టరికమూ ఇదే: 1,49,336ను రెట్టించి మూడు కలిపితే 2,98,675. చెవి గుర్తించిన బంధుత్వాన్ని అంకె సాక్ష్యమిస్తున్నది.

పూర్ణాంకాలకు పైథాన్ సమకూర్చిన పద్ధతులలో 2021లో చేరిన 'బిట్ కౌంట్' ఒకటి. అది ఒకట్లను, అనగా లఘువులను లెక్కిస్తుంది. ఉత్పలమాలకు 12 అని చెప్పుతుంది. 'బిట్ లెంగ్త్' విషయంలో జాగ్రత్త అవసరం. ఉత్పలమాలకు అది 20 కాక 19 అంటుంది. పాదాంతం గురువు, అంటే సున్న. అగ్రస్థానపు సున్న యంత్రానికి కానరాదు. సర్వగురు పాదమైతే ఎన్ని అక్షరాలదైనా వట్టి సున్నయే. ఛందోగ్రంథాలు సంఖ్యతో పాటు 'కృతి', 'ప్రకృతి' అని ఛందస్సు పేరును విధిగా చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. అట్లే గురులఘువులను తారుమారు చేయదలచి '~' గుర్తు వాడినవారికి –3,55,799 లభిస్తుంది. వృత్తసంఖ్యయే ఋణచిహ్నంతో ఎదురుపడడం ఒక వింత. నిజమైన తారుమారుకు ఇరువది ఒకట్ల సంఖ్యతో '^' చేయాలి.

దీనిని బట్టి పింగళుడు కంప్యూటరును కనిపెట్టాడని వేదికలపై చెప్పడం చరిత్ర కాదు. ఆయన రూపాలను లెక్కించాడే గాని, ఆ గురులఘువులతో కూడికలు గుణకారాలు చేయలేదు. వృత్తసంఖ్యలు మనకు దశాంశ పద్ధతిలోనే అందినవి. ఒకటి, సున్నలతో అంకగణితాన్ని లైబ్నిజ్ 1703లో పారిస్ అకాడమీ ముందుంచాడు. దానిని విద్యుత్ స్విచ్చులకు అన్వయించినది 1937 నాటి క్లాడ్ షానన్ సిద్ధాంతవ్యాసం. ఈ పరంపరకు మన ప్రత్యయాలతో సంబంధం ఉన్నదనడానికి ఆధారం లేదు. వేరువేరు అవసరాల నుండి రెండూ ఒకే లెక్కకు చేరినవి, అంతే. పద్యపు లెక్కకు ఆ మాత్రం గౌరవం చాలు.

ఒక్కటి నుండి ఇరువది ఆరు అక్షరాల వరకు సమవృత్తాలన్నీ 13,42,17,726. ఇరువది ఏడు స్థానాలు జరిపిన ఒకటి నుండి రెండు తీసివేస్తే వచ్చేది ఇదే. కాని ఈ లెక్క అక్షరగణ వృత్తాలకే పరిమితం. దేశి ఛందస్సైన తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు రావాలి. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. వాటి నిడివి రెండక్షరాల నుండి నాలుగింటి వరకు మారుతుంది. అక్కడ స్థానాలు జరపడం కుదరదు. గణానికి గణం గుణించుకుంటూ పోవలసిందే: రెండు, ఆరు, ఆరు, రెండు, రెండు, పాదానికి 288 రూపాలు.