సమచతుర్భుజం

నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతుర్భుజం సమచతుర్భుజం. దీన్నే రాంబస్ అనీ అంటారు. దీని ఎదుటి భుజాలు సమాంతరాలు, ఎదుటి కోణాలు సమానాలు. కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా సమద్విఖండన చేసుకుంటాయి. వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం.

శుల్బసూత్రాలు

యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో ఈ ఆకారం పేరు 'ఉభయతః ప్రౌగం'. రెండు సమద్విబాహు త్రిభుజాల భూములను కలిపితే వచ్చే రూపం ఇది. దీన్ని గీసే పద్ధతిని బౌధాయనుడు చెప్పాడు. కావలసిన వైశాల్యానికి రెట్టింపు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, భుజాల మధ్యబిందువులను వరుసగా కలపాలి. దీర్ఘచతురస్రపు పొడవు, వెడల్పులే లోపలి ఆకారానికి కర్ణాలవుతాయి. వైశాల్య సూత్రం ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

యూక్లిడ్ నిర్వచనం

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి భాగంలో రాంబస్‌ను భుజాలు సమానమై, కోణాలు లంబకోణాలు కానిదిగా నిర్వచించాడు. ఆ లెక్కన చతురస్రం రాంబస్ కాదు.

మహావీరుడు, మల్లన

క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో చతుర్భుజాలను భుజాల సమానతను బట్టి సమ, ద్విద్విసమ, ద్విసమ, త్రిసమ, విషమ అని ఐదుగా విభజించాడు. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము'గా తెనిగించాడు. తెలుగులో తొలి గణిత కావ్యంగా దానికి పేరు. అయితే భుజాలనే కొలబద్దగా తీసుకుంటే చతురస్రానికీ, ఒరిగిన సమచతుర్భుజానికీ తేడా చెప్పలేం.

భాస్కరుని ఆక్షేపణ

భుజాలు తెలిసినంత మాత్రాన చతుర్భుజ వైశాల్యం తేలదని భాస్కరాచార్యుడు 'లీలావతి' (1150)లో గట్టిగా చెప్పాడు. లంబమో కర్ణమో చెప్పకుండా వైశాల్యం అడిగేవాడు పిశాచం, జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచం అని ఎత్తిపొడిచాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో ప్రతి భుజం 25. కర్ణాలు 30, 40 అయితే వైశాల్యం 600, 14, 48 అయితే 336, చతురస్రమైతే 625. భుజాలు అవే అయినా వైశాల్యాలు మూడు.

ఇతర చతుర్భుజాలతో సంబంధం

నేటి గణితం యూక్లిడ్ విధించిన మినహాయింపును తొలగించింది. సమాంతర చతుర్భుజంలో ఆసన్న భుజాలు సమానమైతే అది సమచతుర్భుజం. గాలిపటం ఆకారంలో నాలుగు భుజాలూ సమానమైనా అంతే. సమచతుర్భుజంలో ఒక్క కోణం లంబకోణమైతే చాలు, అది చతురస్రం. కాబట్టి ప్రతి చతురస్రమూ సమచతుర్భుజమే, ప్రతి సమచతుర్భుజమూ చతురస్రం కాదు. దీర్ఘచతురస్రానికీ సమచతుర్భుజానికీ ఉమ్మడి ఆకారం చతురస్రం ఒక్కటే.

వాడుకలో

అనకాపల్లి జిల్లా పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది. అలాంటి పారిశ్రామికవాడలకు ప్రమాదకర రసాయనాలు తెచ్చే ట్యాంకర్లకు మొన మీద నిలబెట్టిన హెచ్చరిక గుర్తులుంటాయి. వీటిని డైమండ్ గుర్తులంటారు. ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనల ప్రకారం ఈ గుర్తు 45 డిగ్రీలు తిప్పిన చతురస్రం. ట్యాంకరు మీద దాని భుజం కనీసం 250 మిల్లీమీటర్లు ఉండాలి. తిప్పి నిలబెట్టినంత మాత్రాన అది చతురస్రం కాకుండా పోదు. ఆకారం ఏ తరగతిదో తేల్చేవి భుజాలు, కోణాలే. నిలబెట్టిన తీరు కాదు.